ఏడాది నిండని తొట్టి

సెప్టెంబర్ 9

పొద్దున పెద్ద నీలం చేప తొట్టి అడుగున పక్కకి ఒరిగి ఉంది. చిన్నది నిన్ననే పోయింది. ఇక మిగిలింది నారింజ రంగు జంట ఒక్కటే. మా తమ్ముడు జెరోం వాటికి పప్పన్, పాంచాలి అని పేర్లు పెట్టాడు. ఇద్దరిలో పెద్దది ఆడది, పెత్తనమంతా దానిదే, నీలాగే చేచీ అని నవ్వేవాడు.

కాలేజీ ల్యాబ్ నుంచి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ అడిగి తెచ్చి చూశాను. 1.031. ఉండాల్సింది 1.025. ఇరవై నాలుగేళ్ళుగా కెమిస్ట్రీ పిల్లలకి ద్రావణాలు కలిపి ఇస్తున్నదాన్ని. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఎక్కడికీ పోదని నాకు ఒకరు చెప్పాలా? తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా మంచినీళ్ళు పోయాలి. నేను ఉప్పునీళ్ళు పోశాను. మూడు వారాల పాటు అదే పని చేశాను. ఆ మూడు వారాల్లో ఇంకేం చేశానో గుర్తు లేదు.

ఇకనుంచి రాసుకుంటాను. నీళ్ళ సంగతులు మాత్రమే.

సెప్టెంబర్ 10

1.029. ఒక్కసారిగా తగ్గిస్తే ఉన్న రెండూ పోతాయి. అమ్మోనియా లేదు. జెరోం భార్య నీనా పొద్దుటి డ్యూటీకి వెళ్ళింది. పలకరించుకోలేదు.

సెప్టెంబర్ 13

కలూర్‌లో అసైనారిక్కా రంగు చేపల దుకాణానికి వెళ్ళాను. మే నెలలో సెలవు మీద వచ్చినప్పుడు జెరోం రాళ్ళూ, ఇసుకా, పంపూ అన్నీ అక్కడే తీసుకున్నాడు. ఆ రోజు నేను గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడి, చేపల్ని తినే ఊళ్ళో పుట్టి చేపల్ని పెంచుతావేంట్రా అని సణుగుతూనే ఉన్నాను.

ఇక్కా నన్ను చూడగానే రేడియో కట్టేశాడు. ఆయనకి తెలిసినట్టుంది. అందరికీ తెలుసు.

"తొట్టి ఎట్లా ఉంది టీచరే?"

"నేను టీచర్ని కాదు. ల్యాబ్ అటెండర్‌ని."

"కాలేజీ గేటు లోపల టిఫిను డబ్బా విప్పేవాళ్ళంతా నాకు టీచర్లే. చెప్పండి, ఎన్ని పోయాయి?"

రెండు అన్నాను. మొదటి ఏడాది రెండు పోతే మీకు ఫస్టు క్లాసు అన్నాడు. తన మొదటి ఏడాది దుకాణం ముందు నుంచి పిల్లులు కదిలేవి కావట.

నీళ్ళు మార్చడానికి ఉప్పు ప్యాకెట్ అడిగాను.

"ప్యాకెట్ దేనికి? మీది ఞారక్కల్ కదా. ఇంటి వెనకాలే సముద్రం. పడవవాళ్ళకి చెప్తే లోపలికెళ్ళి డబ్బాల నిండా తెచ్చిస్తారు."

"ఆ నీళ్ళు మా ఇంట్లోకి రావు."

ఇక్కా ప్యాకెట్ కట్టి ఇచ్చాడు.

బయటికి వస్తుంటే మూలనున్న పాత తొట్టిలో ఒక చేప కనిపించింది. బొటనవేలంత ఉంటుంది. నీలం మీద నారింజ తీగలు అల్లినట్టు ఉంది. ఈదడం లేదు, రాళ్ళ మీద నడుస్తున్నట్టు కదులుతోంది. రెండు క్షణాలకొకసారి రాయిని ముక్కుతో పొడిచి ఏదో తింటోంది.

"మాండరిన్" అన్నాడు ఇక్కా. "మీ తమ్ముడు వచ్చినప్పుడల్లా స్టూలు లాక్కుని దాని ముందే కూర్చునేవాడు. ఇవ్వనని చెప్పా."

"ఎందుకివ్వలేదు?"

"అది మనం వేసే మేత ముట్టదు. రాళ్ళలో కంటికి ఆనని పురుగులు పుడతాయి, పాడ్స్ అంటాం. పొద్దస్తమానం అవే తింటుంది. కొత్త తొట్టిలో అవి వారంలో అయిపోతాయి. తర్వాత అది ఆకలితో చస్తుంది. వెంటనే చచ్చినా బాగుండు, నెల పడుతుంది. నా తొట్టికి తొమ్మిదేళ్ళు. మీది ఎప్పటిది? మే నెలది. ముందు గట్టి చేపలతో నేర్చుకోండి. తర్వాత రొయ్య పెట్టండి. ఏడాది నిండాక దీని సంగతి చూద్దాం."

సెప్టెంబర్ 14

జెరోం చివరి వాయిస్ మెసేజ్ మళ్ళీ విన్నాను. ఆగస్టు 14న పంపింది. వెనక ఓడ ఇంజను చప్పుడు. "చేచీ, నురగ పట్టే స్కిమ్మర్ గిన్నె వారానికోసారి కడుగు. పప్పన్‌కి ఎక్కువ మేత వెయ్యకు, అడుక్కుంటాడు, నమ్మకు. మాండరిన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. తొట్టికి ఏడాది నిండనీ. క్రిస్మస్‌కి వస్తాగా, అప్పుడు ఇద్దరం వెళ్ళి ఇక్కాతో పోట్లాడదాం."

క్రిస్మస్‌కి వస్తాగా అన్నాడు.

ఓడ ఆగస్టు 17న ఒమాన్ దాటాక మునిగింది. పద్దెనిమిది మందిలో పద్నాలుగు మంది దొరికారు. నలుగురు దొరకలేదు. దొరకలేదు అంటే దొరకలేదనే అర్థం. వేరే అర్థం ఎవరు చెప్పినా నాకు అక్కర్లేదు. అక్కడ వేరే దేశాల పడవలు తిరుగుతుంటాయి. ఎవరో ఎక్కించుకుని ఉంటారు. కాగితాలు లేక ఎక్కడో ఆగిపోయి ఉంటాడు.

1.026.

సెప్టెంబర్ 24

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నీనా డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చేచీ, శుక్రవారానికి నలభై ఒకటో రోజు. చర్చిలో అచ్చన్‌తో మాట్లాడాను. కుర్బాన పూజ చెప్పిద్దాం."

"ఎవరి కోసం?"

"చేచీ..."

"పోయినవాళ్ళ కోసం చెప్పించేది కదా అది. మన ఇంట్లో ఎవరు పోయారు?"

నేను బీన్స్ తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

"నేను కుర్బాన చెప్పించమనేది ఆయన పోవాలని కాదు" అంది నీనా. "నాకు ఏడవడానికి ఒక్క రోజు కావాలి. అంతే. ఈ ఇంట్లో నేను ఏడిస్తే మీరు టీవీ సౌండు పెంచుతున్నారు."

"నర్సువి కదా. చావులు నీకు అలవాటే. తొందరగా దుప్పటి కప్పేసి పక్క మంచానికి వెళ్ళిపోగలవు. నాకు చేతకాదు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నీనా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను టీవీ పెట్టలేదు. ఏ చప్పుడూ వినిపించలేదు.

జెరోంకి ఐదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాకు ఇరవై ఒకటి. వాడికి పాలపళ్ళు ఊడటం చూసింది నేను, మొదటి గడ్డం చూసింది నేను. నీనాకి మూడేళ్ళ పరిచయం. ఆమెకేం తెలుసు?

సెప్టెంబర్ 26

1.025. ఇవాళ ఏమీ జరగలేదు.

అక్టోబర్ 2

నీనా అంగమాలిలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి డ్యూటీకి దగ్గరట. అబద్ధం. అక్కణ్ణుంచి రెండు బస్సులు మారాలి. తన సబ్బు పెట్టె, దువ్వెన తీసుకెళ్ళింది. జెరోం చొక్కాలు ఒక్కటీ ముట్టుకోలేదు. అది మాత్రం మంచి పని చేసింది.

అక్టోబర్ 6

అసైనారిక్కా రొయ్య ఇచ్చాడు. ఎర్ర చారల మీద తెల్ల గీత. "ఇది మీకు రెండో క్లాసు" అన్నాడు. సంచీని తొట్టి నీళ్ళలో తేలనిచ్చి, పది నిమిషాలకొకసారి కప్పుతో నీళ్ళు కలుపుతూ గంటన్నర కూర్చున్నాను. కాలేజీకి సెలవు పెట్టాను. వదలగానే రొయ్య పాంచాలి దగ్గరికి వెళ్ళి ఒళ్ళు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. ఆ పెత్తందారు కదలకుండా నోరు తెరుచుకుని నిలబడింది.

చాలా రోజులకి నవ్వాను.

అక్టోబర్ 15

రొయ్య చచ్చిపోయింది. కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి, పారదర్శకంగా, ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. నీళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ కొలిచాను. కుర్చీలో కూర్చుని ఏడ్చాను, ఒక రొయ్య కోసం.

సాయంత్రం: చావలేదు! పాత పెంకు విడిచి రాయి వెనక దాక్కుంది. కొత్త ఒళ్ళు గట్టిపడేదాకా అలా దాక్కుంటుందట. ఇక్కాకి ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు. "ప్రతివాళ్ళూ ఒకసారి దానికి అంత్యక్రియలు చేస్తారు టీచరే."

వెంటనే నీనాకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. "చూశావా? మనం చచ్చిపోయిందనుకున్నాం. కళ్ళ ముందు శవం ఉంది, అయినా బతికే ఉంది. చూశావా నీనా?"

"సరే చేచీ" అంది. ఫోన్ పెట్టేసింది.

అక్టోబర్ 19

ఆదివారం. ఒక అబ్బాయి వచ్చాడు. లిజో. ఆలప్పుళ దగ్గర చెత్తి వాళ్ళది. జెరోం ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. దొరికిన పద్నాలుగు మందిలో చివరివాడు, మూడో రోజు జాలరి పడవ ఎక్కించుకుంది. ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

లోపలికి రమ్మన్నాను. పుట్టు చేశాను, శనగల కూర చేశాను, అరటిపండ్లు పెట్టాను.

"చేచీ, జెరోం సార్..."

"ఇంకొంచెం వేసుకో."

"చాలు చేచీ. నేను..."

"ఏం చాలు, పక్షిలా తింటున్నావ్. మీ అమ్మ ఏం అనుకుంటుంది, ఞారక్కల్‌లో తిండి పెట్టలేదనుకోదూ?"

తిన్నాడు. వాడికి తొట్టి చూపించాను. పంపు ఎలా తిరుగుతుందో, ఉప్పు ఎలా కొలవాలో, స్కిమ్మర్‌లో నురగ ఎలా పడుతుందో చెప్పాను. పప్పన్‌నీ, పాంచాలినీ పరిచయం చేశాను. వాడు నీళ్ళ వంక ఎక్కువసేపు చూడలేకపోయాడు. గోడకి చేరగిలబడ్డాడు.

"చేచీ, ఒక మాట చెప్పిపోదామని వచ్చాను."

"నీ బస్సు పోతుంది బాబూ."

"ఇంకా గంటుంది."

"వాన వచ్చేట్టుంది. తడుస్తావు. బయల్దేరు."

గుమ్మంలో ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చాడు. మంచి పిల్లాడు. ఏదో సానుభూతి చెప్పడానికి వచ్చి ఉంటాడు.

వాన రాలేదు.

అక్టోబర్ 27

1.025. నైట్రేటు తక్కువ. కరెంటు ఆరు గంటలు పోయింది. బ్యాటరీ పంపుతో గట్టెక్కించాను. అన్నీ బతికే ఉన్నాయి. నాకు వచ్చేసింది ఈ పని.

నవంబర్ 8

ఇవాళ తెచ్చాను.

అసైనారిక్కా దగ్గర కాదు. పాలారివట్టంలో ఇంకో దుకాణం ఉంది. తొట్టి వయసెంత అని అడిగితే రెండేళ్ళు అని చెప్పాలనుకున్నాను. వాళ్ళు అడగలేదు. వల ముంచారు, సంచీలో వేశారు, ఇచ్చారు.

తొట్టికి ఆరు నెలలు నిండాయి. ఏడాదిలో సగం. సగం తక్కువేం కాదు. రాళ్ళ మీద పాచి బాగా పట్టింది, పురుగులు ఉండే ఉంటాయి. ఇక్కా అతిజాగ్రత్త మనిషి. డిసెంబరులో జెరోం బ్యాగు దించి ముందు గదిలోకి వచ్చేసరికి ఇది రాళ్ళ మీద నడుస్తుండాలి. 'చేచీ, ఇక్కాని ఎలా ఒప్పించావ్?' అంటాడు. నేను చెప్పను.

ఎంత అందంగా ఉందో. వెలుతురు పడితే ఆ నారింజ తీగలు కదులుతున్నట్టే ఉంటాయి. కడుపు గుండ్రంగా ఉంది.

నవంబర్ 12

పొద్దున్నించీ తింటూనే ఉంది. కడుపు నిండుగా ఉంది.

నవంబర్ 17

ఇవాళ కాస్త తక్కువ పొడిచింది. కొత్త చోటు కదా. కడుపు బాగానే ఉంది.

నవంబర్ 20

గడ్డకట్టిన రొయ్య పిల్లల్ని కరిగించి గొట్టంతో దాని ముందే వదిలాను. చూసింది. తినలేదు. పప్పన్ తిన్నాడు. కడుపు కాస్త నిండినట్టే ఉంది.

నవంబర్ 22

పక్కనుంచి చూస్తే కడుపు దగ్గర చిన్న నొక్కు ఉంది. పైనుంచి చూస్తే లేదు. పైనుంచే చూస్తున్నాను.

నవంబర్ 23

ఇక్కా దగ్గరికి వెళ్ళాను. నా సంగతి అని చెప్పలేదు.

"కాలేజీలో తెలిసినామె ఒకరున్నారు ఇక్కా. కొత్త తొట్టిలో మాండరిన్ వేసింది. తినడం లేదట. ఏం చెయ్యాలి?"

ఇక్కా వల కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

"ఎన్నాళ్ళైంది ఆమె వేసి?"

"రెండు వారాలు."

"వెనకాల వెన్ను సన్నబడిందా?"

"కడుపు మాత్రమే."

"ఐతే ఇంకా టైముంది." వల దులిపి ఆరేసి అప్పుడు నా వైపు చూశాడు. "ఆమెకి చెప్పండి, చేపని సంచీలో వేసి ఇవాళే నా దగ్గరికి తెమ్మని. నా తొమ్మిదేళ్ళ తొట్టిలో వదులుతా. నా మాండరిన్‌తో పోట్లాడకుండా మధ్యలో అద్దం పెడతా. బతుకుతుంది. ఆమె తొట్టికి వచ్చే మేలో ఏడాది నిండాక తిరిగి తీసుకెళ్ళమనండి. నేనేం అననని చెప్పండి. తిట్టనని కూడా చెప్పండి టీచరే."

"ఆమె ఇవ్వదు."

"ఎందుకని?"

"క్రిస్మస్‌కి ఇంట్లో ఉండాలి ఆ చేప."

ఇక్కా తల వంచుకున్నాడు. లోపలికెళ్ళి ఒక సీసా తెచ్చాడు, నీళ్ళలో తెల్ల చుక్కలు గిలగిలలాడుతున్నాయి. తన తొట్టి నుంచి వడగట్టిన పాడ్స్. "ఇది రెండు రోజులు వస్తుంది. మళ్ళీ రండి, ఉన్నన్ని ఇస్తా. కానీ ఇది ఆకలి వాయిదా వెయ్యడమే."

నవంబర్ 24

సీసా ఒంపాను. తిన్నది! పొడుస్తూనే ఉంది. కడుపు నిండినట్టుంది.

నవంబర్ 26

సీసా అయిపోయింది.

నవంబర్ 27

కడుపు కాస్త నిండినట్టుంది.

నవంబర్ 29

ఇక్కా ఇంకో సీసా ఇచ్చాడు. ఆమెకి ఇంకా మనసు మారలేదా అని అడిగాడు. లేదన్నాను.

డిసెంబర్ 1

ఇవాళ సంచీ తీశాను. రబ్బరు బ్యాండు కూడా తీశాను. వల తొట్టిలో పెట్టాను. అది పారిపోలేదు, పారిపోయే ఓపిక లేదు, వచ్చి వల పక్కనే ఆగింది. ఒక్క చెయ్యి కదిపితే చాలు. కలూర్ నలభై నిమిషాలు.

వల బయటికి తీసేశాను. ఇంకా ఇరవై నాలుగు రోజులే కదా.

కడుపు

డిసెంబర్ 4

పొద్దున పోయింది.

ఈసారి పెంకు కాదు. చేతిలోకి తీసుకున్నాను. ఒళ్ళంతా కత్తి అంచులా పలచబడింది. తల మాత్రం పెద్దగా ఉంది. రంగులు ఇంకా పోలేదు. నాకు మూడు వారాలుగా తెలుసు. రెండో వారం నుంచీ తెలుసు. ప్రతి రోజూ చూశాను, ప్రతి రోజూ కడుపు నిండినట్టుందని రాశాను. ఇక్కడే ఉన్నాయి ఆ రాతలన్నీ, నా చేతి రాతే.

ఇచ్చి ఉంటే బతికేది. అద్దం అవతల మేసుకుంటూ ఉండేది. నా ఇంట్లో ఉండాలని పట్టుబట్టి ఆకలితో చంపాను.

డిసెంబర్ 5

కాలేజీకి వెళ్ళలేదు.

ఓడ మునిగి నూట పది రోజులు. ఇవాళే మొదటిసారి లెక్కపెట్టాను.

డిసెంబర్ 6

ఇక్కాకి ఫోన్ చేశాను. "ఆమె చేప పోయింది" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "మనిషి ఎలా ఉంది?"

లైన్ కట్ చెయ్యకుండా చాలాసేపు ఉన్నాడు. దుకాణంలో పంపుల చప్పుడు వినిపిస్తోంది.

ఆ తర్వాత లిజో ఇచ్చిన కాగితం వెతికాను. పప్పులడబ్బా కింద ఉంది. నేనే పెట్టాను.

డిసెంబర్ 7

చెత్తి వెళ్ళాను. పొద్దున ఏడింటి బస్సు.

లిజో ఇల్లు తీరానికి దగ్గర. వరండాలో వల అల్లుతున్న వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నేను పేరు చెప్పాను.

"మీరేనా?" అంది. "ఆ రోజు మీ ఇంటి నుంచి వచ్చాక వాడు పది రోజులు అన్నం ముట్టలేదు. చెప్పనివ్వలేదమ్మా, చెప్పనివ్వలేదమ్మా అంటూ కూర్చున్నాడు. వాడు మీ ఇంటికి పుట్టు తినడానికి వచ్చాడా?"

"వాణ్ణి పిలవండి" అన్నాను. "ఇవాళ వింటాను."

లిజో వచ్చి నేల మీద కూర్చున్నాడు. నేనూ స్టూలు జరిపి నేల మీదే కూర్చున్నాను. వాడు నా మొహం చూడకుండా చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, మర్చిపోకూడదు.

"ముగ్గురం ఒకే చెక్క పట్టుకున్నాం చేచీ. వంటమనిషి మొదటి రోజే పోయాడు. సార్ కాలు విరిగింది, జాకెట్ చిరిగిపోయింది. నేను కాలర్ పట్టుకుని ఉన్నా. రెండో రోజు తెల్లారాక సార్‌కి మాట తడబడింది. ఇంజను గదిలో ఉన్నాననుకున్నారు. 'రెండో నంబరు వాల్వు మూశానా లిజో?' అని అడిగారు. మూశారు సార్ అన్నా. కాసేపాగి మళ్ళీ అడిగారు. మూశారు సార్ అన్నా. ఎన్నిసార్లు అడిగారో. అడిగినప్పుడల్లా చెప్పా."

"నిజంగా మూశాడా?"

"తెలీదు చేచీ. నేనా పక్కన లేను."

వాళ్ళమ్మ వల అల్లడం ఆపేసింది.

"మధ్యాహ్నం వాన పడింది. నోరు తెరిచి తాగాం. సార్ కూడా తాగారు. ఆ తర్వాత వాల్వు గురించి అడగలేదు. నేను, హమ్మయ్య, నిద్రపోయారు అనుకున్నా. చెయ్యి తిమ్మిరెక్కిపోయింది, ఉందో లేదో తెలియట్లేదు. ఎప్పుడు వదిలిందో నాకు తెలీదు. చూసేసరికి చెయ్యి ఖాళీ." అరచెయ్యి తెరిచి చూపించాడు. "నేనే వదిలేశా చేచీ. ఆ మాట మీకు చెప్పాలనే వచ్చా ఆ రోజు."

వాడి చెయ్యి తీసుకున్నాను. వేళ్ళ మధ్య ఉప్పుకి చీలిన గాయాలు ఇంకా పూర్తిగా మానలేదు. ఈ చెయ్యి నా తమ్ముణ్ణి ఒక పగలూ ఒక రాత్రీ, మళ్ళీ మధ్యాహ్నం దాకా పట్టుకుంది. అది నా గుమ్మం దాకా వస్తే, వాన వస్తుందని అబద్ధం చెప్పి పంపించేశాను.

"నువ్వు వదల్లేదు" అన్నాను. "వాడు వెళ్ళిపోయాడు. అది వేరు."

లిజో నమ్మినట్టు లేడు. మళ్ళీ చెప్పాను. వాడు అడక్కపోయినా మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చివరికి వాడు ఏడ్చాడు. వాళ్ళమ్మ వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

వచ్చేటప్పుడు ఆవిడ బస్టాపు దాకా వచ్చింది. బస్సు కదులుతుంటే, "మళ్ళీ రండి. వాడితో మాట్లాడండి" అంది.

ఆగస్టు 18. మధ్యాహ్నం.

డిసెంబర్ 8

జెరోం పోయాడు.

డిసెంబర్ 9

అంగమాలి వెళ్ళాను. నీనా గేటు దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది. ఇన్నాళ్ళూ నేను చేప కడుపు చూస్తూ కూర్చున్నాను కానీ, ఈ పిల్ల మొహం ఎలా ఉందో చూడాలనిపించలేదు.

లిజో చెప్పిందంతా చెప్పాను. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. వాల్వు సంగతి చెప్తుంటే నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది.

"పద్దెనిమిదా?" అంది. "పద్దెనిమిది మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నాను చేచీ. ఓడ సంగతి అప్పటికింకా మనకి తెలియదు. ఐదో వార్డులో ఒక ముసలమ్మ ఏదో జోక్ వేస్తే పగలబడి నవ్వాను. నాకు బాగా గుర్తుంది. ఆ టైములో..."

"నవ్వితే ఏం? నేను నిద్రపోయాను. భోంచేసి పడుకున్నాను."

ఏడ్చింది. మెట్ల మీద కూర్చుని గట్టిగా, పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసేంత గట్టిగా. నేను పక్కన కూర్చున్నాను. లేవమని అనలేదు, ఊరుకో అని కూడా అనలేదు.

తర్వాత అన్నాను, "ఆ రోజు నర్సువి కదా అన్నాను."

"అన్నారు."

"అనకుండా ఉండాల్సింది."

"అవును చేచీ" అంది. ఫర్వాలేదు అనలేదు. అనకపోవడమే మంచిది. అంటే నేను నమ్మేదాన్ని కాదు.

డిసెంబర్ 13

కుర్బాన అయింది. లిజో, వాళ్ళమ్మ పొద్దున్నే బస్సులో వచ్చారు. అసైనారిక్కా తెల్లచొక్కా వేసుకుని వచ్చి, చర్చి లోపలికి రావాలా వద్దా తెలియక మెట్ల దగ్గర నిలబడ్డాడు. నీనా వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ప్రార్థనలో అచ్చన్ వాడి పేరు చదివారు. జెరోం అని. అందరూ విన్నారు. నేనూ విన్నాను.

అయ్యాక నేనూ నీనా చర్చి పనులు చూసే కప్యార్ గదికి వెళ్ళాం. చర్చి రిజిస్టర్ చూసేది అవుసేప్పు చేట్టన్, జెరోం జ్ఞానస్నానం నాడు కూడా ఆ కుర్చీలో ఆయనే. మరణాలు రాసే పెద్ద పుస్తకం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, గీతల వెంట వేలు పెట్టి అడుగుతూ పోయాడు. పేరు. తండ్రి పేరు. వయసు. భార్య పేరు నీనా చెప్పింది. తేదీ నేను చెప్పాను.

తర్వాతి గడి దగ్గర కలం ఆగిపోయింది. ఖననం చేసిన చోటు.

"ఇది ఖాళీగా వదిలేద్దాం" అన్నాడు అవుసేప్పు చేట్టన్, మా వైపు చూడకుండా.

నీనా నా వైపు చూసింది.

"వదలొద్దు చేట్టా. సముద్రం అని రాయండి."

రాశాడు. ఆ సిరా ఆరేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.